విప్పినా విడని పేజీ

ఆ సందులోంచి రాత్రి పది దాటాక మనిషన్నవాడు నడవడు. కుక్కలు కూడా మలుపు దగ్గర ఆగి, ఒకదాని మొహం ఒకటి చూసుకుని, చుట్టుదారిన పోతాయి. కుక్కల సంగతి నేను కళ్ళారా చూడలేదు, ఒప్పుకుంటున్నాను. మిగతాది మాత్రం అక్షరం పొల్లుపోకుండా నిజం.

సందు చివర మూతబడ్డ ప్రెస్సు ఉంది. ఇప్పటిలా మీట నొక్కితే కాగితాలు రాల్చే రకం కాదు. సీసంతో పోసిన అక్షరాల్ని ఒక్కొక్కటే చేత్తో ఏరి, వరసగా పేర్చి, పేజీగా కట్టి, సిరా పూసి అచ్చేసే కాలం నాటిది. పదకొండేళ్ళ కిందట దాని యజమాని, మేమంతా పెద్దాయన అనేవాళ్ళం, కన్నుమూశాడు. తలుపుకి తాళం పడింది. నెల తిరక్కుండానే చెడ్డపేరూ పడింది.

ముందు విన్నవాడు పాలవాడు. చీకటితోనే సైకిలేసుకుని పోతుంటే లోపల్నుంచి... టిక్... టిక్... టిక్. సైకిలు, పాలు, ఒక చెప్పు అక్కడే వదిలేసి పారిపోయాడు. తర్వాత విన్నవాడు రాత్రి కాపలా మనిషి. అతను పారిపోలేదు. కాళ్ళు రాలేదట. తెల్లారేదాకా గోడకి బల్లిలా అంటుకుపోయి నిలబడ్డాడు. కానీ అతను విన్నది టిక్ టిక్ కాదు. టప్... టప్... టప్.

టిక్ అని ఒకడు, టప్ అని ఇంకొకడు. టీ కొట్టు దగ్గర ఇద్దరూ జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. జనం విరగబడి నవ్వారు. నేనొక్కణ్ణే నవ్వలేదు. ఆ రెండు చప్పుళ్ళకీ తేడా తెలిసినవాడు ఈ భూమండలం మీద అప్పటికి నేనొక్కణ్ణే మిగిలాను మరి.

ముప్పై నాలుగేళ్ళు ఆ ప్రెస్సులో కంపోజింగ్ ఫోర్‌మన్‌ని. వకీలుగారు నోటీసు చదువుతుంటే, ఆయన వాక్యం పూర్తయ్యేలోపు తర్వాతి వాక్యం కూడా పేర్చేసి, "తమరు ఇదే కదా అనబోతున్నారు" అన్నవాణ్ణి. కళ్ళకి గంతలు కట్టుకుని మూడు పేజీలు కడితే దొరికింది ఒక్క తప్పు. అదీ రాసినాయన తప్పే. నా వేలు తగిలితే చాలు, అందులో ఏ అక్షరముందో సీసం తనే చెప్పేది.

అందుకని చెబుతున్నాను, వినండి. ఎడమచేతిలో ఇనపపట్టీ పెట్టుకుని అందులో అక్షరాలు పేరుస్తాం. దాన్ని స్టిక్కు అంటాం. అక్షరం వచ్చి ఇనుముకి తగిలితే టిక్. అచ్చయిపోయాక పేజీ విప్పి, ఏ అక్షరాన్ని ఆ అక్షరం ఉండే చెక్కగడిలోకి తిరిగి విసురుతాం. చెక్కలో పడితే టప్. ఒకటి కట్టే చప్పుడు, ఇంకొకటి విప్పే చప్పుడు.

దెయ్యం పేజీ కట్టిందనుకుందాం, సరే. కట్టింది విప్పాల్సిన ఖర్మ దానికేమిటి? పైనవాళ్ళు జీతం కోస్తారా?

ఇంత తెలిసినవాడివి, పోయి చూడలేదేం అంటారు. భయమనుకుంటున్నారేమో. శ్మశానంలో గుర్రుపెట్టి పడుకుంటే, పక్క సమాధిలో ఆయన లేచి "కాస్త మెల్లగా బాబూ" అని బతిమాలుకున్న చరిత్ర నాది. ఆ సందులో గోతులెక్కువ. నాకు మోకాలు నొప్పి. అంతకు మించి ఏమీ లేదు.

అలా పదకొండేళ్ళు గోతుల్ని తిట్టుకుంటూ ఉన్నవాడి దగ్గరికి ఒక సాయంత్రం పెద్దాయన మనవరాలు వచ్చింది.

కళ్ళజోళ్ళ కొట్లో పని ఆ పిల్లకి. ఇరవై తొమ్మిదేళ్ళుంటాయి. నా కళ్ళద్దాలు తనే చేసింది. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే అంది:

"తాతా, ఆ ప్రెస్సులో మీ అంతటి పనివాడు పుట్టలేదట కదా."

"ఎవరన్నారు?"

"మీరే. అద్దాలకొచ్చినప్పుడు రెండుసార్లు, తీసుకెళ్ళేటప్పుడు ఒకసారి."

కూర్చోమన్నాను. కూర్చోలేదు. చేతిలో తాళంచెవుల గుత్తి ఉంది, దాన్ని వేళ్ళ మధ్య నలుపుతూనే ఉంది.

"మా అమ్మ ఏమైంది తాతా?"

నేను దగ్గాను. నాకు దగ్గు రాలేదు, అయినా దగ్గాను.

"మూడేళ్ళ పిల్లనట అప్పటికి," అందామె. "నాన్నని అడిగితే 'అత్తని అడుగు' అంటాడు. అత్తని అడిగితే 'మీ నాన్నని అడుగు' అంటుంది. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ వాళ్ళిద్దరి మధ్యా బంతిలా తిరుగుతున్నా. జ్వరమొచ్చి పోయిందంది పక్కింటావిడ. రైలు కింద పడిందన్నాడు ఇంకొకాయన. ఎవరితోనో పోయిందని మా పెదనాన్నవాళ్ళు. ఉన్నది ఒక్క ఫోటో. అందులో నాన్న పక్కన మనిషి మేర కత్తెరేశారు. చెయ్యి మాత్రం మిగిలింది, నాన్న భుజం మీద. అదీ గాజుల దాకానే."

"ఇన్నేళ్ళ తర్వాత తవ్వుకుంటే..."

"మీరూ అదే అనకండి. తవ్వితే బురదొస్తుంది, కదిపితే కంపొస్తుంది... మా ఇంట్లో సామెతలకి లోటు లేదు. నాకు కావాల్సింది ఒక్క ముక్క. తనే నన్ను వదిలేసి పోయిందా, వీళ్ళే వదిలించారా. అంతే. మిగతాది ఎవరైనా ఉంచుకోండి."

నాకేం తెలుసు చెప్పడానికి? ఆ రోజుల్లో కొత్త సీసం అక్షరాలు కొనుక్కు రమ్మని పెద్దాయన నన్ను పొరుగూరు పంపాడు. పదిరోజులకి తిరిగొచ్చాను. కోడలమ్మ లేదు. "లేదు" అన్నారంతే. మధ్యాహ్నాలు వచ్చి నా పక్కన నిలబడి పని నేర్చుకున్న మనిషి. ఆరు నెలల్లో నా అంతదైంది. నా అంత కాదులెండి, నా తర్వాత అంత. అలాంటి మనిషి స్టూలు ఖాళీగా ఉంటే, ఏ సంగతి మీదైనా గంటసేపు ఊదరగొట్టగల నేను, "ఎక్కడికి?" అని ఒక్క మాట అడగలేదు. జీతమిచ్చే ఇంటి గుట్టు మనకెందుకనుకున్నాను.

అదే చెప్పాను పిల్లకి. నన్ను కాసేపు చూసింది. తిడితే బాగుండేది.

"రేపు ఎనిమిదింటికి పాతసామాను లారీ వస్తోంది," అంది చివరికి. "ప్రెస్సులో సీసమంతా కరిగించేస్తారట. ఇవాళ పొద్దున తూకం అంచనాకి వచ్చినతను మాటల్లో చెప్పాడు. అడుగు అరలో కట్టిన పేజీ ఒకటి ఉందట. కాగితం చుట్టి, దారం కట్టి. దాని మీద పెన్సిల్‌తో 'పాపకి' అని రాసుందట. అతను చెయ్యి పెట్టబోతే మా అత్త మీద పడి లాక్కుని, మళ్ళీ అరలోనే పెట్టి తాళమేసిందట. ఆ ఇంట్లో పాపని నేనొక్కదాన్నే తాతా."

నేను ముప్పై నాలుగేళ్ళు ఏలిన అరల్లో, నాకు తెలియని పేజీ. దెయ్యం సంగతి అటుంచండి, నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"పద," అన్నాను.

"ఇప్పుడు కాదు. అత్త తొమ్మిదింటికి పడుకుంటుంది. అసలు తాళంచెవి ఆవిడ దిండు కింద ఉంటుంది. ఇవి నాన్న పెట్టెలో దొరికాయి. పద్నాలుగున్నాయి. ఒకటైనా పట్టకపోతుందా."

పదింటికి బయల్దేరాం. నా చేతిలో టార్చిలైటు. మూడు మైళ్ళ అవతల దొంగ కళ్ళు చికిలించుకునేంత వెలుగు దానిది. మలుపు తిరగ్గానే ఆరిపోయింది. అరచేత్తో కొట్టాను. తొడమీద కొట్టాను. వెలగలేదు.

"బ్యాటరీలు ఎప్పుడేశారు తాతా?"

"బ్యాటరీల తప్పు కాదు. ఇక్కడి గాలి అలాంటిది."

చీకట్లో గోడ పట్టుకుని నడిచాం. గోతుల సంగతి నేను చెప్పింది నిజమే, రెండింట్లో పడ్డాను. ప్రెస్సు తలుపు ఇంకో పది అడుగులుందనగా... పిల్ల నా మోచెయ్యి పట్టుకుంది.

లోపల్నుంచి.

టప్.

కాసేపు ఏమీ లేదు.

టప్... టప్...

"విన్నారా?" గాలికంటే మెల్లగా అంది.

విన్నాను. పాలవాడూ, కాపలావాడూ వినలేనిది కూడా విన్నాను. ఎవరో పేజీ విప్పుతున్నారు. ఒక్కో మాట చేతిలోకి తీసుకుని, చదువుకుని, అక్షరం తరవాత అక్షరం గడుల్లోకి వేస్తున్నారు. మా పనిలో ఉన్న శాపం అది. కట్టేవాడు పరధ్యానంగా కట్టొచ్చు. విప్పేవాడు మాత్రం చదవకుండా విప్పలేడు, ఏ అక్షరం ఏ గడిలోదో తెలియదు కదా.

"పాపా," అన్నాను. "ఆ పేజీని ఎవరో విప్పేస్తున్నారు."

"అంటే?"

"అంటే ఇంకాసేపటికి అది పేజీ కాదు. గడుల నిండా అక్షరాలు. అంతే."

నా చేతిలోంచి చెయ్యి లాక్కుని తలుపు మీదికి ఉరికింది. మొదటి తాళంచెవి పట్టలేదు. రెండోది దూరలేదు. మూడోది దూరింది, తిరగలేదు. లోపల టప్... టప్... నాలుగు, అయిదు, ఆరు. గుత్తి కిందపడింది. చీకట్లో వెతుక్కుని మళ్ళీ మొదటినుంచి మొదలెట్టింది, ఏది చూసిందో ఏది చూడలేదో తెలియక. నేను ముందుకు జరిగి, "ఇలాంటి తాళాలు చిటికెన వేలితో..." అని ఒకటి దూర్చి తిప్పాను. అది తాళంలోనే పుటుక్కున విరిగింది.

పిల్ల నుదురు తలుపుకి ఆనించి నిలబడింది. ఇన్నేళ్ళుగా తన మొహాన మూసుకున్న తలుపులన్నీ ఆ ఒక్క తలుపులోనే ఉన్నట్టు.

లోపల... టప్.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. కాగితం బండిళ్ళు దింపుకునే పక్క తలుపు. చుట్టూ తిరిగి వెళ్ళాం. తాళం తీసి కొండీకి వేలాడుతోంది. తలుపు ఓరగా ఉంది. సందులోంచి సన్నటి వెలుగు, కొవ్వొత్తిది.

మేం తలుపు తోయడం, చప్పుడు ఆగడం, ఒక్కసారే.

మధ్యలో రాతిబల్ల. బల్ల మీద వేలెడు కొవ్వొత్తి. దాని వెనక తెల్లటి బట్టల్లో, జుట్టు విరబోసుకుని, మా వైపే చూస్తూ ఒక ఆకారం. చెయ్యి గాల్లో ఉంది. మునివేళ్ళ మధ్య ఒకే ఒక్క అక్షరం.

నేను అరవలేదు. అరిచానని ఆ పిల్ల తర్వాత కొట్లో అందరికీ చెప్పింది. అది గొంతు సవరించుకోవడం.

"అత్తా," అంది పిల్ల.

ఆకారం చెయ్యి దించింది. టప్. చివరి అక్షరం గడిలో పడింది.

పెద్దాయన కూతురు. అక్షరాలు గడుల్లో వేసే పని చిన్నప్పుడే తండ్రి దగ్గర నేర్చింది. అరవై దాటినా నేను అమ్మాయిగారూ అనే పిలుస్తాను. బల్ల మీద విప్పిన కాగితం ఉంది, దారం ఉంది, ఇనపచట్రం ఉంది. చట్రం మధ్య పేజీ ఉండాల్సినచోట ఖాళీ.

"అయిపోయింది," అంది ఆవిడ. గొంతులో గెలుపు లేదు. "ఇంటికి పోదాం పద. చలిగా ఉంది."

"పదకొండేళ్ళుగా జనం చస్తున్నది మీ చప్పుడికా అమ్మాయిగారూ?"

"మీరెందుకొచ్చారు ఫోర్‌మన్ గారూ? మీకు మోకాళ్ళు నొప్పన్నారుగా."

పిల్ల బల్ల దగ్గరికొచ్చింది. ఖాళీ చట్రంలో వేలు పెట్టి చుట్టూ రాసింది. "ఏముంది ఇందులో?"

అత్త కాగితం మడతపెట్టడం మొదలెట్టింది.

"నిన్నే అడుగుతున్నా అత్తా. ఇవాళ 'మీ నాన్నని అడుగు' అనడానికి లేదు. ఆయన చదవలేదు. నువ్వు చదివావు. చదవకుండా విప్పడం కుదరదట, తాత చెప్పాడు."

అత్త నా వైపు చూసిన చూపుకి కొవ్వొత్తి ఆరాల్సింది.

"మీ తాత విప్పెయ్యమన్నాడు," అంది చివరికి. "ఆ పేజీ మీ అమ్మే కట్టింది. వెళ్ళిపోయే ముందు రాత్రి ఇక్కడికొచ్చి, ఎవరికీ తెలీకుండా. పొద్దున మీ తాత చూశాడు. చదివాడు. విప్పి పారెయ్ అన్నాడు. సరే అని అబద్ధం చెప్పి అడుగు అరలో దాచాను."

"ఎందుకు దాచావు?"

"చెయ్యి రాలేదు."

"మరి ఇవాళ ఎలా వచ్చింది?"

"ఇవాళ కాదు," అంది అత్త. కూర్చోడానికి స్టూలు వెతుక్కుంది. "నువ్వు అడిగినప్పుడల్లా వచ్చేదాన్ని. కాలేజీలో చేరిన రోజు అడిగావు, గుర్తుందా? ఆ రాత్రే మొదటిసారి విప్పాను. ఉద్యోగం వచ్చిన రోజు అడిగావు. మీ నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు అడిగావు. పోయిన వారం అన్నం దగ్గర కంచం తోసేసి అడిగావు. అడిగిన ప్రతిసారీ, ఇవాళతో ఇది లేకుండా చేస్తాననుకుని వచ్చి విప్పేదాన్ని."

"అంటే నేనే అన్నమాట ఈ సందుకి దెయ్యం," అంది పిల్ల. నవ్వు రాలేదు. "ఆగు. ఒకసారి విప్పేస్తే అయిపోయిందిగా. మళ్ళీ మళ్ళీ ఏం విప్పావు?"

అత్త తలెత్తింది. పిల్లని కాదు, నన్ను చూసింది.

"అది ఆయన్నడుగు. మర్నాటికల్లా మళ్ళీ కట్టేసి ఉంటుంది. అదే దారం, అదే ముడి. 'పాపకి' అని అదే రాత. దొంగ తాళంచెవి పెట్టుకుని రావడం మీకు న్యాయమేనా ఫోర్‌మన్ గారూ? నా మీద కక్షా, మీ పనితనం చూపించుకోడానికా?"

నా జీవితంలో చెయ్యని పనికి గొప్ప చెప్పుకోని సందర్భం అదొక్కటే.

"నేను కాదు అమ్మాయిగారూ."

"మీరు కాకపోతే ఎవరు? పేజీ కట్టడం వచ్చినవాళ్ళు ఇంకెవరు మిగిలారు?"

"పదకొండేళ్ళలో ఈ సందులోకి అడుగుపెట్టలేదు నేను. గోతులు..." అక్కడ ఆగాను. "గోతులు కాదు. భయం. భయపడి రాలేదు."

అత్త నన్ను నమ్మింది. నా నోట ఆ మాట వచ్చాక నమ్మక చస్తుందా. ఆవిడ మొహంలో రంగు దిగిపోవడం కొవ్వొత్తి వెలుగులోనే కనిపించింది.

పిల్లకి ఇవేమీ పట్టలేదు. దాని బాధ దానిది. "ఎవరు కట్టారో తర్వాత చూద్దాం. నన్ను వదిలేసిందా, లేదా?"

"దానికి వేరే ఊళ్ళో ప్రెస్సులో పని దొరికింది," అంది అత్త, బల్లతో చెబుతున్నట్టు. "వెళ్తానంది. పోతే పో, మా ఇంటి పిల్ల మా ఇంట్లోనే ఉంటుందన్నాడు మీ తాత. మీ నాన్న తల ఎత్తలేదు. నాకా... పిల్లల్లేరు. నువ్వు నా పక్కలోనే పడుకునేదానివి."

"ఊఁ."

"అంతే."

"అంతే కాదు. నేను ఆవిడతో వెళ్ళొచ్చా వెళ్ళకూడదా అని ఎవరో ఒకరు తేల్చి ఉంటారు. ఎవరు?"

అత్త చేతుల్లోకి చూసుకుంది. ఇరవై ఆరేళ్ళుగా పెంచిన చేతులు, రేపు ఈ పిల్ల ఇక ముట్టుకోనివ్వదేమోనన్న భయం ఉన్న చేతులు. నాకు అర్థమైంది. ఆ పేజీలో ఆ చేతుల పేరే ఉంది.

"చెప్పను," అంది. "కొట్టినా చెప్పను. ఆ పేజీ లేదు. రేపు సీసం కూడా ఉండదు."

"పోనీ ఇది చెప్పు. తర్వాత ఎప్పుడైనా వచ్చిందా? ఉత్తరం? కబురు? అసలు ఉందా అత్తా... పోయిందా?"

"తెలీదు. నీ మీద ఒట్టు, నాకు తెలీదు."

కొవ్వొత్తి చివరికొచ్చింది. వత్తి మైనంలో మునిగి, నీలంగా మారి, ఆరింది. అత్త తెచ్చిన అగ్గిపెట్టెలో ఇంక పుల్ల లేదు. మా ముగ్గురి ఊపిర్లు తప్ప ఏమీ వినపడటం లేదు.

అప్పుడు గది ఆ చివర... గడులబల్ల వైపు నుంచి...

టిక్.

పిల్ల నా చొక్కా పట్టుకుంది. అత్త చెయ్యి ఇంకో పక్క నా భుజం పట్టుకుంది. అంటే ముగ్గురం ఒకచోటే ఉన్నాం.

టిక్... టిక్...

కడుతున్నారు.

మీతో నిజం చెప్పడం అలవాటైపోయింది ఇవాళ. నా కాళ్ళు పారిపోవాలనే చూశాయి. కానీ తలుపు ఎటుందో తెలియలేదు. ఇద్దరు ఆడవాళ్ళు నన్ను ముందుకు తోశారో, నేనే నడిచానో... బల్ల అంచు చేతికి తగిలింది. తడుముకుంటూ జరిగాను. చప్పుడు దగ్గరయ్యింది. టిక్... టిక్... నా మోచేతి పక్కన. ఇంక నా వేళ్ళ ముందు.

వేళ్ళు చాచాను. చప్పుడు ఆగింది.

బల్ల అంచుకి ఆనించి స్టిక్కు ఉంది. అందులో ఒక్క వరస. ముట్టుకున్నాను.

సీసం మంచులా ఉంటుంది, పైగా చలికాలం రాత్రి. ఇది వెచ్చగా ఉంది. మనిషి వేళ్ళలోంచి ఇప్పుడే జారినంత వెచ్చగా.

"ఏముంది తాతా?" వెనక నుంచి.

"ఫోర్‌మన్ గారూ," అంది అత్త. "మీకు దణ్ణం పెడతా. చెప్పకండి. అది నన్ను వదిలేసి పోతుంది."

వేలు వరస మీద ఉంది. అయిదు మాటలు. ఒకసారి మౌనంగా ఉండి ఆ పిల్లకి ఇరవై ఆరేళ్ళు పోగొట్టినవాణ్ణి నేను. చెబితే ఈ ముసలావిడ ఇల్లు ఖాళీ అవుతుంది. చెప్పకపోతే రేపు ఎనిమిదింటికి లారీ.

చదివాను. నా సొంతానిది ఒక్క ముక్క కూడా కలపకుండా, ఉన్నది ఉన్నట్టు.

"పాపా, నిన్ను నేను వదిలి పోలేదు."

పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. బరువు దింపుకున్న కూలీలా ఒక్క ఊపిరి వదిలింది.

నేను వేలు తీశాను. తీయగానే నా పక్కన, చీకట్లో, మళ్ళీ మొదలైంది. టిక్... టిక్... రెండో వరస.

అప్పుడు అత్త మాట్లాడింది. ఆ వరస ఇంకా సగం కూడా పడలేదు. కానీ ఎన్నిసార్లు విప్పిందో అన్నిసార్లు చదివిన మనిషి, ఆవిడకి నోటికొచ్చు.

"'నిన్ను ఎత్తుకోబోతే మీ అత్త ఇవ్వలేదు,'" అంది. "అదీ తర్వాతి వరస. 'తలుపేసుకుంది.' నేనే వేసుకున్నా. ఆ రాత్రంతా అది బయట నిలబడింది. నువ్వు అమ్మా అమ్మా అని ఏడుస్తుంటే, వినపడకుండా నీ నోరు మూశాను."

టిక్... టిక్...

నేను చెయ్యి చాచాను, చదువుదామని. పిల్ల నా చెయ్యి పట్టుకుని మెల్లగా వెనక్కి తెచ్చింది.

"తాతా, మీరు కాస్త బయట నిలబడండి. అత్త చెబుతుంది."

"నేను చదివితే తొందరగా..."

"తొందరేం లేదు. చెప్పు అత్తా. కూర్చుని చెప్పు. నేనెక్కడికీ పోను."

వీధిలోకి వచ్చాను. ముప్పై నాలుగేళ్ళ ఫోర్‌మన్‌ని, ఆ పేజీని వేలితో క్షణంలో చదివేసేవాణ్ణి, చలిలో గోడకి అంటుకుని నిలబడ్డాను. ఆ పేజీలో మిగతా వరసలు ఏమిటో ఇవాళ్టిదాకా నాకు తెలియదు. ఎన్నిసార్లడిగినా ఆ పిల్ల నవ్వి, అద్దాలు తుడిచి చేతికిస్తుంది.

లోపల అత్త గొంతు సన్నగా సాగుతోంది. ఒక్క మాటా అర్థం కావడం లేదు. కాసేపు టిక్ టిక్ కూడా దాని వెంటే నడిచింది. తర్వాత నెమ్మదించింది. ఒకటి... చాలాసేపటికి ఇంకొకటి... ఆగిపోయింది. నోటితో చెబుతున్నాక చేత్తో కట్టాల్సిన పనేముంది.

తలుపు సందుకి చెవి ఆనించాను.

అత్త ఒక మాట చెప్పి ఆగుతోంది. "ఊఁ" అంటోంది పిల్ల. ఇంకో మాట. "ఊఁ." కథ వినే పిల్లలు ఊకొడతారే, అలాగ.

ఇంకో మాట చెప్పింది అత్త. ఆగింది. ఈసారి చెవి రిక్కించి విన్నాను.

ఊఁ కొడుతున్న గొంతులు రెండు.